ఆకాశం నుండి రాలిన పళ్ళెం

2003వ సంవత్సరం ఫిబ్రవరి 1వ తేదీ ఉదయం, పదహారు రోజుల యాత్ర ముగించుకొని భూమికి తిరిగివస్తున్న కొలంబియా వ్యోమనౌక అమెరికాలోని టెక్సాస్ రాష్ట్రం మీద, సుమారు 60 కిలోమీటర్ల ఎత్తున ముక్కలైపోయింది. హర్యానాలోని కర్నాల్ పట్టణపు ఆడపడుచు కల్పనా చావ్లాతో సహా అందులోని ఏడుగురూ అసువులు బాసారు. ఆ వార్త మన దేశంలో ఎందరి కళ్ళు చెమర్చజేసిందో చెప్పనక్కరలేదు.

తర్వాత వేలాది మంది అడవులూ, పొలాలూ, చెరువులూ గాలించి 84,000కు పైగా శకలాలను పోగుచేశారు. వాటిలో కొన్ని చిత్రమైనవి ఉన్నాయి. ఇజ్రాయెల్ దేశపు వ్యోమగామి ఇలాన్ రామోన్ స్వహస్తంతో వ్రాసుకున్న దినచర్యలోని 37 పుటలు అంతటి అగ్నిని, అంతటి పతనాన్ని తట్టుకొని నేలకు చేరాయి. మరొకటి, ప్రమాదం జరిగిన ఆరు నెలలకు ఒక ఎండిన చెరువు గర్భంలో కనిపించిన లోహపు ముద్ద. కాలి, మసిబారి, అంచులు కరిగిపోయి ఉన్న ఆ ముద్ద ఒకప్పుడు ఒక కంప్యూటరు హార్డ్ డిస్కు.

దానిలో ఉన్నది ఒక శాస్త్ర ప్రయోగపు ఫలితం. జినాన్ అనే వాయువును దాదాపు 16.6 డిగ్రీల సెంటిగ్రేడు వద్ద తగిన ఒత్తిడిలో ఉంచితే, అది ద్రవమో వాయువో చెప్పలేని ఒక సంధి స్థితికి చేరుతుంది. ఆ స్థితిలో దాని చిక్కదనం ఎట్లా మారుతుందో భూమి మీద కొలవడం సాధ్యం కాదు. తన బరువుకు తానే అణగిపోయి, అడుగున ఒక విధంగా, పైన ఒక విధంగా ఉంటుంది. కనుక శాస్త్రజ్ఞులు దానిని భారరహిత స్థితికి పంపి, దానిలో ఒక సన్నని నికెల్ జల్లెడను ఊపుతూ కొలతలు తీశారు. గోడకు వేసే రంగు కుంచె కింద పలుచగా జారుతుంది, గోడ మీద మాత్రం కారకుండా నిలుస్తుంది. అటువంటి గుణం ఇంత సరళమైన పదార్థానికి కూడా ఉన్నదా అన్నది వారి ప్రశ్న. కొలతలలో కొంత భాగం యాత్ర జరుగుతుండగానే రేడియో ద్వారా భూమికి చేరింది. మిగిలినదంతా ఆ డిస్కులోనే ఉండిపోయింది.

ఆ ముద్దను మిన్నెసోటా రాష్ట్రంలోని క్రోల్ ఆన్‌ట్రాక్ అనే సంస్థకు పంపారు. జాన్ ఎడ్వర్డ్స్ అనే ఇంజనీరు దానిని చేతిలోకి తీసుకున్నప్పుడు అది హార్డ్ డిస్కు అని పోల్చుకోవడమే కష్టమైందట. అయినా ఆయన జాగ్రత్తగా విప్పి చూస్తే లోపలి పళ్ళెములు వంకర పోలేదు. మూత చుట్టూ ఉండే బందు కరిగి మట్టి, మసి లోపలికి చొరబడ్డాయి. పళ్ళెములను రసాయన ద్రావణంతో శుభ్రపరచి, కొత్తగా కూర్చిన మరొక డ్రైవులో అమర్చి చదివించారు. ఆ పని రెండు రోజులు పట్టింది. దానిలో ఉన్న సమాచారంలో నూటికి 99 వంతులు బయటపడింది. 2008లో ఆ ఫలితాలు ‘ఫిజికల్ రివ్యూ ఇ’ అనే పరిశోధన పత్రికలో ప్రచురితమైనాయి. రంగుకు ఉన్న గుణం జినానుకూ ఉన్నదని తేలింది.

ఇందులో అదృష్టం పాలు లేకపోలేదు. కొలంబియాలోనే ఉన్న మరి రెండు డిస్కులు ఎందుకూ కొరగాకుండా పోయాయి. ఈ డిస్కు పాతకాలపు 400 మెగాబైట్లది. అందులో దాదాపు సగమే నిండింది. మట్టి రేణువులు గీతలు పెట్టిన చోటు ఖాళీగా ఉన్న చోటు. పైగా దానిని నడిపింది డాస్ అనే పాత పద్ధతి కావడం చేత సమాచారం అక్కడొక ముక్క ఇక్కడొక ముక్కగా చెదరక ఒక్కచోటనే పోగుపడి ఉంది.

అదంతా ఒప్పుకుందాం. అయినప్పటికీ ఒక ప్రశ్న మిగులుతుంది. అరవై కిలోమీటర్ల ఎత్తు నుండి నిప్పుల్లో పడిన డిస్కు బ్రతికి బట్టకట్టగా, మన ఇళ్ళలో బల్ల మీద కదలకుండా కూర్చున్న డిస్కులు పెళ్ళి ఫోటోలతో, పరీక్షా పత్రాలతో, దుకాణపు లెక్కలతో సహా ఎందుకు గంగపాలవుతున్నాయి?

ఈ ప్రశ్నకు సమాధానం నేను పుస్తకాలలో కంటె ముందు మా పెద్దన్నగారి వద్ద నేర్చుకున్నాను.

మా అన్నగారు శ్రీకాకుళం జిల్లాలో ముప్ఫయి ఏళ్ళకు పైగా తెలుగు పండితులుగా పనిచేశారు. బదిలీ అయిన ప్రతి ఊరిలోనూ సాయంకాలాలు ఒక టేపు రికార్డరు భుజాన వేసుకొని, నాట్లు వేసే స్త్రీల పాటలు, తిరగలి పాటలు, దంపుళ్ళ పాటలు సేకరించడం ఆయన వ్యసనం. పదవీ విరమణ చేసిన తర్వాత క్యాసెట్లకు బూజు పట్టడం గమనించి, మనుమడి చేత వాటినన్నిటినీ కంప్యూటరులోకి ఎక్కించి, ఒక చిన్న హార్డ్ డిస్కులో దాచుకున్నారు. 412 పాటలు. పాడినవారిలో సగానికి పైగా ఇప్పుడు లేరు. బూజు పట్టిన క్యాసెట్లను ఇంకెందుకని పారవేశారు.

మొన్నటి వేసవిలో ఒకనాటి రాత్రి ఆయన నాకు ఫోను చేశారు. “ఒరే, దీని గొంతు మారిందిరా. లోపల ఎవరో తలుపు కొడుతున్నట్టు టక్ టక్ మంటోంది” అన్నారు.

“ఎప్పటి నుంచి అన్నయ్యా?”

“శబ్దం ఇవాళ్టి నుంచే. పాటలు తెరుచుకోవడానికి ఆలస్యం మాత్రం నెల రోజులుగా అవుతోంది. వయసు మీద పడింది కదా, దానికీ నాకూ, అనుకున్నాను.”

ముందు దాని తీగ పీకివేయమని నేను చెప్పి ఉండవలసింది. చెప్పలేదు. నాకూ అప్పటికి తెలియదు. “మరొకసారి పెట్టి చూడు” అన్నాను. ఆ సలహా ఇచ్చినందుకు ఈనాటికీ నొచ్చుకుంటున్నాను.

తాకని ముల్లు

హార్డ్ డిస్కు పెట్టెలో అల్యూమినియంతో గాని గాజుతో గాని చేసిన పళ్ళెములు ఒకటో, రెండో, అంతకు ఎక్కువో ఉంటాయి. వాటి మీద పూసిన పలుచని అయస్కాంత పొరలోనే మన సమాచారమంతా ఉంటుంది. పళ్ళెం నిమిషానికి 5,400 సార్లో 7,200 సార్లో తిరుగుతుంది. బల్ల మీది కంప్యూటర్లలో వాడే పెద్ద డిస్కులో పళ్ళెం అంచు గంటకు 120 కిలోమీటర్లను మించిన వేగంతో పరుగెత్తుతుంది. దాని మీద ఒక చిన్న చేయి అటూ ఇటూ ఊగుతూ ఉంటుంది. ఆ చేతి కొనన ఉన్నదే హెడ్డు, అంటే వ్రాసేదీ చదివేదీ.

గ్రామఫోను రికార్డు మీద ముల్లు ఆనితేనే పాట వచ్చేది. ఇక్కడ ధర్మం తలక్రిందులు. హెడ్డు పళ్ళెమును తాకరాదు. పళ్ళెం గిర్రున తిరగడం వల్ల పుట్టే గాలి పొర మీద అది తేలుతూ ఉంటుంది. రెండింటి మధ్య ఎడం కొన్ని నానోమీటర్లే. మనిషి తల వెంట్రుక మందం 80,000 నానోమీటర్ల దరిదాపుల్లో ఉంటుందని గుర్తుంచుకుంటే ఆ ఎడం ఎంత స్వల్పమో ఊహకు అందుతుంది. వేలిముద్ర జిడ్డు, సిగరెట్టు పొగలోని ఒక రేణువు ఆ ఎడానికి కొండంత అడ్డు. అందుచేతనే ఆ పెట్టెను దుమ్ము చొరకుండా బిగిస్తారు.

1956లో ఐ.బి.ఎమ్. సంస్థ తయారు చేసిన మొట్టమొదటి డిస్కు యంత్రంలో రెండడుగుల వ్యాసం గల పళ్ళెములు యాభై ఉండేవి. బరువు దాదాపు ఒక టన్ను. అంతటి యంత్రంలో పట్టినవి యాభై లక్షల అక్షరాలు మాత్రమే. ఈనాడు ఫోనుతో తీసిన ఒక ఫోటో చాలు దానిని నింపడానికి. అంత నుండి ఇంతకు కుదించిన ప్రజ్ఞకు గుర్తింపుగానే అనవచ్చు, హెడ్డులు అతి బలహీనమైన అయస్కాంత గుర్తులను సైతం చదవడానికి తోడ్పడిన ఒక భౌతిక ధర్మాన్ని 1988లో కనుగొన్న ఆల్బర్ట్ ఫెర్ట్, పీటర్ గ్రూన్‌బర్గ్ అనే శాస్త్రజ్ఞులకు 2007లో నోబెల్ బహుమతి లభించింది.

ఇంత సున్నితమైన యంత్రం తన లోపాలను దాచుకోవడంలో దిట్ట. ఇంటి ఇల్లాలు డబ్బా అడుగున దాచిన చిల్లరతో నెలాఖరు గడుపుకొచ్చినట్లు, ప్రతి డిస్కూ కొన్ని అదనపు గళ్ళను గుట్టుగా అట్టే పెట్టుకుంటుంది. ఏదైనా గడి పాడైతే దాని బదులు వీటిలో ఒకదానిని వాడుకుంటుంది. మనకు తెలియనే తెలియదు. చదవలేని గడి తగిలినప్పుడు మళ్ళీ మళ్ళీ ప్రయత్నిస్తుంది. మనకు కనిపించేది ఆలస్యం ఒక్కటే. మా అన్నగారు వయసు అనుకున్నది ఈ ఆలస్యాన్నే.

టక్ టక్ శబ్దానికి అర్థం వేరు. తాను ఎక్కడ ఉన్నదీ తెలుసుకోవడానికి పళ్ళెం మీద ముందే చెక్కి ఉంచిన గుర్తులను హెడ్డు చదువుకోవాలి. అవి దొరకనప్పుడు చేయి వెనక్కు పోయి, మళ్ళీ మొదటి నుండి వెదకుతుంది. ఆ వెనక్కు పోవడమే మనకు వినిపించే టక్. హెడ్డు అరిగి ఉంటే, వంగి ఉంటే, అట్లా వెదకిన ప్రతిసారీ అది పళ్ళెం మీది పొరను గీరే ప్రమాదం ఉంది. ఆ పొరలో నుండి రాలిన పొడి మరొక చోట హెడ్డుకు అడ్డం పడుతుంది. పొడి అయిపోయిన పొరలోని సమాచారాన్ని ప్రపంచంలో ఏ నిపుణుడూ తిరిగి తేలేడు.

కొలంబియా డిస్కుకూ మన డిస్కులకూ ఉన్న తేడా ఇక్కడ తెలుస్తుంది. ఆ ముద్ద చెరువు గర్భంలో ఆరు నెలలు పడి ఉన్నది గాని, ఆ ఆరు నెలల్లో ఎవరూ దానికి కరెంటు ఇవ్వలేదు. ఇవ్వడానికి వీలూ లేదు. మన డిస్కు టక్‌మన్న క్షణాన అందులో సమాచారం బహుశా నూటికి తొంభై పాళ్ళు క్షేమంగానే ఉంటుంది. దానిని చెరిపేది మన ఆత్రం.

ఆత్రం చేసే పనులు

మా అన్నగారి విషయంలో ఆ ఆత్రం నాలుగు రోజులు సాగింది. నేను చెప్పినట్లు మరొకసారి పెట్టి చూశారు. తర్వాత మనుమడు మరొక కంప్యూటరుకు తగిలించాడు. పక్కింటివారి అబ్బాయి తలక్రిందులుగా పెడితే పనిచేస్తుందన్నాడు. చివరకు ఊరిలోని ఒక దుకాణానికి తీసుకుపోతే అక్కడి కుర్రవాడు దోషాలు సరిదిద్దే ప్రోగ్రాము ఒకటి నడిపి, రాత్రంతా వదిలివేశాడు.

ఆ కుర్రవాడిని తప్పు పట్టలేము. ఆ ప్రోగ్రాము ఆరోగ్యంగా ఉన్న డిస్కుకు పనికివచ్చేదే. కరెంటు హఠాత్తుగా పోయినప్పుడు తారుమారైన ఫైళ్ళ పట్టికను అది సరిచేస్తుంది. కాని యంత్రమే చెడుతున్న డిస్కు మీద దానిని నడపడం కాలు విరిగినవానిని కవాతు చేయించడమే. పైగా అది చదవడంతో ఊరుకోదు. తనకు తోచినట్లు పట్టికలను మార్చి వ్రాస్తుంది.

జనంలో ప్రచారంలో ఉన్న చిట్కాలు మరికొన్ని ఉన్నాయి. డిస్కును ప్లాస్టిక్ సంచిలో చుట్టి ఫ్రిజ్‌లో పెట్టమనేది వాటిలో ఒకటి. పాత రకాలలో ఎప్పుడైనా ఎవరికైనా పనిచేసి ఉండవచ్చు. కాని చల్లని లోహాన్ని బయటకు తీయగానే గాలిలోని తేమ దాని మీద నీరుగా చేరుతుంది. నానోమీటర్ల ఎడంలో నీటి చుక్క ఏమి చేస్తుందో చెప్పనక్కరలేదు. మూత విప్పి ఊదడం, వేలితో చేతిని కదల్చడం అంతకంటె ఘోరం. నిపుణులు డిస్కును విప్పే గదిలో ఒక ఘనపు అడుగు గాలిలో అర మైక్రాను, ఆపైన పరిమాణం గల రేణువులు నూటికి మించకుండా చూస్తారు. మన ముందుగదిలో రేణువులు లక్షల మీద ఉంటాయి.

అదే రకం మరొక డిస్కు కొని, దాని అడుగున ఉండే సర్క్యూట్ బోర్డును మార్చడం కూడా ఒకప్పుడు ఫలించేది. ఇప్పటి బోర్డు మీద ఒక చిన్న చిప్పులో ఆ ఒక్క డిస్కుకే సంబంధించిన కొలతలు వ్రాసి ఉంటాయి. ఆ చిప్పును కూడా ఊడదీసి అతికించనిదే కొత్త బోర్డు పాత పళ్ళెమును గుర్తించదు.

పొరపాటున ఫైలును చెరిపివేసినవారి సంగతి దీనికి భిన్నం. అక్కడ యంత్రం చెడలేదు. చెరపడం అంటే గ్రంథాలయంలో పుస్తకాన్ని బీరువాలోనే ఉంచి, జాబితాలో నుండి పేరు మాత్రం కొట్టివేయడం వంటిది. ఆ అరలో మరొక పుస్తకం పెట్టనంత కాలం పాతది అక్కడే ఉంటుంది. అందుచేత పోయిన ఫైలును వెదికే ప్రోగ్రామును అదే డిస్కులోకి దింపుకోకూడదు. దింపుకొనే ప్రోగ్రామే వచ్చి ఆ అరలో కూర్చోవచ్చు.

ఇక చేయవలసినది. శబ్దం మారితే, పెట్టె వేడెక్కి ఫైళ్ళు మొరాయిస్తే, పేర్లు పిచ్చి అక్షరాలుగా కనిపిస్తే, ముందు డిస్కును ఆపివేయాలి. ఆపి, అందులో ఏమున్నదో, దాని విలువ ఎంతో స్థిమితంగా ఆలోచించుకోవాలి. మరొక చోట ప్రతి ఉన్న సినిమాలే అయితే ప్రయోగాలు చేసుకోవచ్చు. తిరిగిరానివి అయితే, శబ్దం చేస్తున్న డిస్కును ఇక తగిలించకుండా నిపుణునికి అప్పగించడమే మంచిది.

శబ్దం లేకుండా, కంప్యూటరు ఇంకా గుర్తిస్తూ, కేవలం మందకొడిగా ఉన్న డిస్కు అయితే ఆశ ఎక్కువ. అప్పుడు దానిని బాగుచేయడం లక్ష్యం కాకూడదు. అంతే పరిమాణం గల, లేదా అంతకంటె పెద్దదైన కొత్త డిస్కు మీదికి గడి గడినీ ఎత్తి వ్రాయడమే లక్ష్యం. ఇందుకు ‘డీడీరెస్క్యూ’ అనే ఉచిత ప్రోగ్రాము ఉంది. దాని ఉపాయం సామాన్యమైనదే గాని చాలా తెలివైనది. కష్టమైన చోట ఆగి కుస్తీ పట్టదు. దానిని గుర్తు పెట్టుకొని దాటిపోతుంది. తేలికగా వచ్చే భాగాన్నంతా ముందు గట్టెక్కిస్తుంది. తర్వాతనే వదిలిన చోట్లకు తిరిగివస్తుంది. ప్రశ్నపత్రంలో తెలిసిన ప్రశ్నలు ముందు వ్రాయమని మన ఉపాధ్యాయులు చెప్పిన సూత్రమే ఇది. ఫైళ్ళను వెదకడం, అతకడం అంతా ఆ పైన, ఆ నకలు మీదనే జరగాలి. అసలు డిస్కును మళ్ళీ ముట్టుకోకూడదు.

డిస్కు ముందే హెచ్చరిస్తుంది గదా, అప్పుడు చూసుకోవచ్చులే అనుకోవడానికి వీలు లేదు. డిస్కులకు తమ ఆరోగ్యాన్ని తామే నమోదు చేసుకొనే ఏర్పాటు ఉన్నది. గూగుల్ సంస్థ పరిశోధకులు లక్షకు పైగా డిస్కులను గమనించి 2007లో ఒక పత్రం వెలువరించారు. ఉపరితల పరీక్షలో మొదటి దోషం కనిపించిన డిస్కు, తర్వాతి 60 రోజులలో పాడయ్యే అవకాశం దోషం లేనివాటి కంటె 39 రెట్లు ఎక్కువని వారు కనుగొన్నారు. కనుక హెచ్చరిక వచ్చిన నాడే కదలాలి. కాని అదే పత్రంలో మరొక మాట ఉంది. పాడైన డిస్కులలో 56 శాతానికి పైగా ముఖ్యమైన నాలుగు సూచనలలో ఏ ఒక్కటీ చూపకుండానే పోయాయి.

ఇప్పుడు చాలా కంప్యూటర్లలో పళ్ళెములే లేని డిస్కులు వస్తున్నాయి. పెన్ డ్రైవుల వలె, ఫోనుల వలె అవి చిప్పులలో సమాచారాన్ని దాస్తాయి. క్రింద పడితే వీటికి భయం తక్కువ. కాని టక్‌మనవు, గీరవు. నిన్న పనిచేసినది ఈ రోజు ఉన్నట్టే కనిపించకుండా పోతుంది. వీటిలో చెరిపిన ఫైలు సంగతి కూడా వేరు. పళ్ళెం డిస్కులో పుస్తకం అరలోనే ఉండిపోతుందన్నాను. ఇక్కడ యంత్రం ఖాళీ సమయం చూసుకొని ఆ అరను నిజంగానే తుడిచివేస్తుంది. చాలా ఫోనులలో సమాచారమంతా ఆ ఫోనుకు మాత్రమే తెలిసిన సంకేత భాషలో ఉంటుంది కనుక, చిప్పును ఊడదీసి మరొక చోట చదువుదామన్నా కుదరదు. పళ్ళెములు గరగరలాడినా కొంత వ్యవధి ఇచ్చేవి. ఆ మేరకు అవి మంచివేనని నాకు అనిపిస్తుంది.

దిల్లీలోని నెహ్రూ ప్లేస్, ముంబయిలోని లామింగ్టన్ రోడ్డు, చెన్నైలోని రిచీ వీధి, సికింద్రాబాదులోని చెనాయ్ ట్రేడ్ సెంటరు వంటి చోట్ల పోయిన సమాచారం తెచ్చి ఇస్తామనే బోర్డులకు కొదువ లేదు. వారిలో సమర్థులూ ఉన్నారు, మా ఊరి కుర్రవాని వంటివారూ ఉన్నారు. పెట్టె విప్పవలసి వస్తే ఎక్కడ విప్పుతారు, మొదట నకలు తీస్తారా, సమాచారం రాకపోతే ఎంత తీసుకుంటారు, చూసినది ఎవరికీ చెప్పకుండా ఉంటారా అని ముందే అడగడం మంచిది. అడిగితే కోపగించుకునే చోట ఇవ్వకండి. ఖర్చు డిస్కు ఖరీదుకు ఎన్నో రెట్లు కావచ్చు. యంత్రం వెల వేరు, అందులో ఉన్నదాని వెల వేరు.

మా అన్నగారి డిస్కు ఐదవ రోజున విశాఖపట్నంలో ఒక పెద్దమనిషి వద్దకు చేరింది. ఆయన దానిని చెవి దగ్గర పెట్టుకోలేదు, కరెంటూ ఇవ్వలేదు. ఇంతవరకు ఎవరెవరు ఏమేమి చేశారో పూసగుచ్చినట్లు చెప్పమన్నారు. చెప్పాము. రాత్రంతా నడిపిన ప్రోగ్రాము సంగతి వచ్చేసరికి కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. అదే రకం డిస్కు మరొకటి సంపాదించి, దాని హెడ్డులను దీనికి మార్చి, మూడు వారాలపాటు కొద్దికొద్దిగా చదివించారు. హెడ్డులు మళ్ళీ అరగకుండా మధ్య మధ్య ఆపుతూ వచ్చారట.

412 పాటలలో 371 పూర్తిగా వచ్చాయి. 29 తెగిపోయి వచ్చాయి. 12 రాలేదు. రాని పన్నెండింటిలో అధికభాగం ఉన్న చోట పళ్ళెం మీద వెంట్రుక వంటి గీత పడి ఉందని ఆయన చెప్పారు. ఆ గీత మొదటి రాత్రి పడిందో, నేను మరొకసారి పెట్టి చూడమన్నప్పుడు పడిందో, దుకాణంలో పడిందో చెప్పగలరా అని అడిగాను. చెప్పలేనన్నారు.

ఆ జాబితా చూసి అన్నగారు చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, “క్యాసెట్లు పారెయ్యకుండా ఉండవలసిందిరా” అని మాత్రం అన్నారు.

నకలు ఉండడం ఒకటి, ఆ నకలు పనిచేస్తున్నదో లేదో చూసుకోవడం మరొకటి. అమెరికాలోని పిక్సార్ సంస్థ 1998లో ‘టాయ్ స్టోరీ 2’ అనే బొమ్మల చిత్రం తీస్తుండగా ఎవరో పొరపాటున ఇచ్చిన ఆజ్ఞతో చిత్రంలో చాలా భాగం కంప్యూటర్ల నుండి చెరిగిపోయింది. నకలు ప్రతులు ఉన్నాయి కదా అని ధైర్యంగా తీసి చూస్తే అవి సరిగా లేవు. గాలిన్ సుస్మన్ అనే సాంకేతిక నిపుణురాలు, చంటిబిడ్డ తల్లి కావడం చేత ఇంటి నుండి పని చేస్తూ, చిత్రం ప్రతి ఒకటి ఇంట్లోని కంప్యూటరులో ఉంచుకున్నారు. ఆ కంప్యూటరును దుప్పట్లలో చుట్టి కారులో పసిపాపను తెచ్చినట్లు తెచ్చారు. తమాషా ఏమంటే, అంత కష్టపడి కాపాడిన చిత్రాన్ని ఆ తర్వాత వారే చాలావరకు మార్చి మళ్ళీ తీశారు.

ఇప్పుడు మా అన్నగారి పాటలు మూడు చోట్ల ఉన్నాయి. ఒక డిస్కు ఆయన బీరువాలో, మరొకటి బెంగుళూరులోని మనుమని వద్ద, మూడవది నెలకు కొంత అద్దె చెల్లించి ఇంటర్నెట్టులో. ఒకే ఇంట్లో రెండు ఉంటే దొంగకూ నిప్పుకూ అవి రెండూ ఒకటేనని మనుమడు పట్టుబట్టాడు. ప్రతి ఉగాదికీ మూడింటి నుండీ తలా నాలుగు పాటలు పెట్టి విని చూడాలని నియమం పెట్టుకున్నారు.

తెగిపోయిన ఇరవై తొమ్మిదింటిలో ఒక నాట్ల పాట రెండవ చరణం మధ్యలో ఆగిపోతుంది. దానిని పాడిన ఆమె పోయి చాలా ఏళ్ళయింది. కార్తీక మాసంలో అన్నగారు బస్సెక్కి ఆ ఊరికి వెళ్ళి ఆమె కూతురిని వెదకి పట్టుకున్నారు. ఆ పాట ఆమెకు వచ్చు. పాడింది. కాని వరస వేరు, మాటలు కూడా రెండు చోట్ల మారాయి. తల్లి సగం, కూతురు సగం కలిపి ఒక పాటగా అతికించమంటారా అని మనుమడు అడిగాడట. అన్నగారు వద్దన్నారు. రెండింటికీ వేరు వేరు పేర్లు పెట్టి, వేరు వేరుగా దాచమన్నారు.